దర్జీ కొట్టు ముందు చప్పట్లు

హమీద్ చిచ్చా చెయ్యి కాలుతుంటే జనం చప్పట్లు కొట్టారు. పక్కనే గుండీలు కుడుతున్న నేను కళ్ళారా చూశాను. కాలిన వాసన జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నిలబడ్డవాళ్ళ దాకా పోయింది. ఒకాయన ఈల కూడా వేశాడు.

నమ్మబుద్ధి కాదు కదా. మొదట్నించీ చెబుతాను వినండి. జర్మనీలో ఫ్రైబర్గ్ పక్క పల్లెలో ఒక వినోదాల పార్కు ఉంది. నూట యాభై ఏళ్ళ కిందటి అమెరికా పల్లెను అక్కడ అచ్చంగా కట్టారు. సారాకొట్టు, జైలు, గుర్రాల కొట్టం, మధ్యలో దర్జీ కొట్టు. సిద్దిపేట చుట్టుపక్కల సంతల్లో బట్టలు కుట్టి బతికిన అబ్దుల్ హమీద్‌కు వీసా ఇప్పించి, తెచ్చి ఆ కొట్టులో కూర్చోబెట్టాడు ఓనర్ ఫోక్ట్. పాతకాలం వాస్కోటు తొడిగి, కాలితో తొక్కే మిషన్ ముందు పెట్టి, అమెరికా దర్జీ అని బోర్డు తగిలించాడు. చూసేవాళ్ళకు అది వేడుక. చిచ్చాకు మాత్రం రెక్కలు విరిగే పని. పార్కులో వేషగాళ్ళ కోట్లూ, అంగట్లో అమ్మే కోట్లూ అన్నీ ఆయనే కుట్టాలి. ఫ్రైబర్గ్‌లో మైనింగ్ చదివే మేము శని, ఆదివారాలు వేషాలు వేసుకుని పనికి వెళ్ళేవాళ్ళం. జనం ముందు ఇంగ్లీషు తప్ప ఏ భాషా మాట్లాడకూడదని ఫోక్ట్ రూలు.

చిచ్చాకు జర్మన్ రాదు. కాజాలు కుట్టే జుట్టా అనే జర్మన్ ముసలావిడ గుడ్డను వేళ్ళ మధ్య నలిపి అనే ఒక్క మాట మాత్రం వచ్చు, ఎష్ట్. అంటే అసలైనది, ఈ ఉన్ని నకిలీ కాదు అని.

భూస్వామి వేషంలో ఫోక్ట్ వచ్చి, కోటు ఏదని దర్జీ మీద అరిచి ఉత్తుత్తి దెబ్బలు వేయడం నాటకంలో ఒక ఘట్టం. ఆ శనివారం కోటు నిజంగానే కాలేదు. పొద్దుటినుంచి చిచ్చాను తిండికి కూడా లేవనివ్వలేదు, వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇవాళ కాదు సార్ అని ఇంగ్లీషులోనే చెప్పాడు. ఫోక్ట్ బొగ్గుల ఇస్త్రీపెట్టె అందుకుని ఆ కుడిచేతి మీద అదిమాడు. నేను ఫోక్ట్‌ను తోసేసరికి చర్మం పెట్టెతోపాటే ఊడొచ్చింది. చప్పట్లు మోగింది అప్పుడే.

వెనక గదిలో జుట్టా చల్లనీళ్ళు పోసి కట్టు కట్టింది. సారాకొట్టువాళ్ళూ గుర్రాలవాళ్ళూ వచ్చి మూగారు. నాకు ఒళ్ళు మండిపోతోంది, పోలీసులను పిలుద్దామన్నాను. షరీఫు అనే పోలీసు అధికారి వేషం వేసే కాకినాడ ధీరజ్ అడ్డం పడ్డాడు. వీసా ఆఫీసులో వాడికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంది, కేసుల్లో ఇరుక్కుంటే చదువు గోవిందా. చిచ్చా సంగతి ఇంకా ఘోరం. ఆయన వీసా ఈ కొలువుకే ముడిపడి ఉంది, ఫోక్ట్ తీసేస్తే దేశం విడిచి పోవాలి.

"అయినా మనం కాక బయటి సాక్షి ఎవరు చెప్పు రుచితా?" అన్నాడు ధీరజ్. "చూసినోళ్ళందరూ నాటకం అనుకున్నారు కదా."

రేపు ఎవరి చెయ్యి కాలుస్తాడని జుట్టా బల్ల గుద్ది అడిగింది. అప్పటిదాకా వదిలెయ్యండి అంటున్న చిచ్చా తల ఎత్తాడు.

"ఈ ఏషం ఉన్నంతసేపు మనం సచ్చినా తమాషనే బేటా. ఏషం ఇడిస్తెనే మనిషి లెక్క కనబడ్తం."

ఫోక్ట్ మళ్ళీ చెయ్యెత్తితే జనం ముందే వేషాలు విప్పేద్దామా అని చాలాసేపు వాదించుకున్నాం. ధీరజ్ ఏమీ తేల్చకుండానే వెళ్ళిపోయాడు.

ఆదివారం చిచ్చా కట్టుతోనే వచ్చి కూర్చున్నాడు. ఫోక్ట్ దాన్ని చూశాడు. ఆ కాలంలో ఇలాంటి బ్యాండేజీలు లేవంటూ జనం ముందే పట్టి లాగేశాడు. నెత్తురు వాస్కోటు మీదికి చిమ్మింది. జనం నవ్వారు.

నేను కుచ్చుల టోపీ నేలకేసి కొట్టి, గౌను విప్పేసి, లోపలి జీన్సూ టీషర్టుతో నిలబడ్డాను. జుట్టా పాతకాలం ఏప్రాన్ విప్పింది. సారాకొట్టులోంచి టోపీలు, కొట్టంలోంచి బెల్టులు వీధిలో వచ్చి పడ్డాయి. వీళ్ళను లోపలికి తన్ను అని ఫోక్ట్ షరీఫును పిలిచాడు. ధీరజ్ మా వైపు చూశాడు, చిచ్చా చేతి వైపు చూశాడు. రొమ్ము మీది ఇత్తడి నక్షత్రం పీకి ఫోక్ట్ కాళ్ళ ముందు పడేశాడు. ఫోక్ట్ తన నాటకం తుపాకీ మడమతో వాడి దవడ పగలగొట్టాడు. ఛీ, మళ్ళీ చప్పట్లు.

చిచ్చా తాడు దాటి జనంలోకి నడిచాడు. పచ్చిపుండు చెయ్యిని ముందు వరసలో ఒక ఆవిడ కళ్ళెదుట పెట్టి, "ఎష్ట్" అన్నాడు.

ధీరజ్ నెత్తుటితో కలిపి అదే మాట ఉమ్మాడు. మేమందరం అందుకున్నాం. ఎష్ట్, ఎష్ట్. చప్పట్లు ఒక్కొక్కటే చచ్చిపోయాయి.

ఫోక్ట్ చిచ్చాను జుట్టు పట్టి ఈడ్చాడు. మేం వాడి మీద పడ్డాం. బోర్డు విరిగింది, ఇస్త్రీపెట్టె నిప్పులు వీధంతా చెదిరాయి. తన్నాం, తన్నులు తిన్నాం. ఇందులో నాకు సిగ్గేమీ లేదు.

పోలీసులు వచ్చి ఫోక్ట్ మాటే ముందు విన్నారు. చిచ్చాకు బేడీలు వేశారు, ఇనుము పుండు మీదే పడింది. అప్పుడు ముందు వరస ఆవిడ తాడు ఎత్తి లోపలికి వచ్చింది. అంతా చూశాను, సాక్ష్యం నేను చెబుతాను అంది. ఆవిడ వెనకే ఇంకొకరు, ఇంకొకరు. జుట్టా వెళ్ళి పోలీసు కారు చక్రాల ముందు కూర్చుంది. ఆవిడ పక్కన మేమందరం కూర్చున్నాం.

చిచ్చా కారు కిటికీలోంచి నన్ను పిలిచాడు.

"మిషన్ మీద కోటు సగంల ఉన్నది. ఎవ్వలూ ముట్టొద్దు."

మమ్మల్ని ఒక్కొక్కరినీ లాగిపడేసి ఆయన్ని తీసుకుపోయారు. కోటు ఇవాళ్టికీ సగంలోనే ఉంది. కొత్త దర్జీ కోసం ఫోక్ట్ ఊరూరా అడుగుతున్నాడట. పార్కు గేటు దగ్గరా, చిచ్చాను పెట్టిన పోలీసు స్టేషన్ గేటు దగ్గరా మేమున్నాం. చిచ్చాను విమానం ఎక్కించాలన్నా, ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టాలన్నా, ముందు మమ్మల్ని దాటాలి.