చేతులు మారిన రోజు

"కూరలో ఉప్పు తక్కువైంది. అన్నట్టు, రేపటి మొదటి పేజీ మాట ఎక్కడిదాకా వచ్చింది?" అన్నాడు భర్త, రెండూ ఒకే గుక్కలో.

ఆమె ఉప్పు డబ్బా జరిపింది. ఆయన ఊళ్లో పేరున్న దినపత్రికకు సంపాదకుడు. ఆమె అందులోనే సబ్ ఎడిటర్. రేపు పత్రిక మూడోసారి చేతులు మారుతోంది. పెట్టిన పెద్దాయన నుంచి కొడుక్కి, కొడుకు నుంచి ఇళ్లు కట్టి అమ్మే బిల్డరుకు, ఇప్పుడు బిల్డరు నుంచి ఎక్కడో ఉన్న ఒక కంపెనీకి.

పెద్దాయన ఒక నియమం పెట్టి వెళ్లాడు. రోజూ వచ్చే సంపాదకీయానికి పేరక్కర్లేదు. పత్రిక చేతులు మారే రోజు మాత్రం మొదటి పేజీలో పాఠకులకు ఒక మాట రాయాలి, రాసిన మనిషి పేరు కింద ఉండాలి. "రేపు మాట తప్పితే ఎవరి చొక్కా పట్టుకోవాలో జనానికి తెలియాలి కదయ్యా" అనేవాడు. అలాంటి మాటలు ఇప్పటికి రెండు అచ్చయ్యాయి. రెండింటి కిందా భర్త పేరే ఉంది. రెండూ రాసింది ఆమె.

ఇదేమీ కుట్ర చేసి మొదలుపెట్టింది కాదు. పెళ్లైన కొత్తలో ఆయనకు జ్వరమొచ్చింది. "ఈ ఒక్కరోజుకీ సంపాదకీయం నువ్వు రాసిపెట్టు" అన్నాడు. జ్వరం తగ్గింది, అలవాటు తగ్గలేదు. మాట్లాడమంటే సభ అదరగొడతాడు గానీ, తెల్లకాగితం ముందు పెడితే చెయ్యి కదలదు మహానుభావుడికి. మొదటి మాట చదివి పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడని ఇంటికొచ్చి ఆయనే చెప్పాడు. పిచ్చిమొహం, ఆమె కూడా సంబరపడింది. అప్పటినుంచి పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా వంటింటి బల్ల మీద ఊరి నీళ్ల కరువూ, ఎన్నికలూ, బడి ఫీజులూ రాస్తూనే ఉంది. ముందు గదిలో తలుపేసుకుని ఆయన కునుకు తీసేవాడు. అత్తగారు ఉన్నన్నాళ్లూ వంటింటి గుమ్మంలోకొచ్చి గొంతు తగ్గించి చెప్పేది. "వాడు రాసుకుంటున్నాడమ్మా, ఆ గిన్నెల చప్పుడు కాస్త తగ్గించు." ఆమె చేతిలో కలం పెట్టుకుని సరే అత్తయ్యా అనేది.

ఆఫీసులోనూ అంతే. పెళ్లికి ముందు మొదటి పేజీ వార్తలు చూసిన మనిషిని, ఇల్లు కూడా చూసుకోవాలిగా అని పెద్దాయన కొడుకుగారు మహిళల పేజీకి మార్చాడు. బిల్డరు వచ్చాక ఆ పేజీ సగమైంది, తర్వాత కారు టైర్ల ప్రకటన పక్కన ఒక మూలకు చేరింది. హాల్లో యజమాని పటం మారింది, గోడల రంగు మారింది. కిటికీ పక్కనున్న బల్ల మాత్రం ఎప్పుడూ ఆమెదే. లోకంలో ఆమెది అని చెప్పుకోదగ్గది అదొక్కటే.

ఇప్పుడు దానిక్కూడా ఎసరొచ్చింది. నిన్న భర్త కంపెనీవాళ్లతో మాట్లాడి వచ్చి, చొక్కా విప్పుతూ చెప్పాడు.

"ఒకే ఇంట్లో ఇద్దరెందుకంటున్నారు. నా సంపాదకీయాలంటే వాళ్లకి ప్రాణం. అందుకే నన్ను ఉంచుతున్నారు. నువ్వు రాజీనామా ఇచ్చెయ్. నీకూ విశ్రాంతి. ఇంట్లో కూర్చుని ప్రశాంతంగా రాసుకోవచ్చు."

"ఏం రాసుకోవచ్చు?"

"అదే... ఎప్పట్లాగే."

భోంచేసి ఆయన ఆఫీసుకు వెళ్లాక ఆమె స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. ఇంట్లో వినేవాళ్లెవరూ లేకపోయినా కుళాయి తిప్పింది, అలవాటు. ఇంకో పత్రిక గడప తొక్కితే ఏం చూపిస్తుంది? ఇన్నేళ్లూ ఏం రాశావమ్మా అంటే, మా ఆయన పేరు చూడండి అంటుందా? తను బతికున్నట్టు సాక్ష్యం చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. రేపటినుంచి ఆ బల్ల కూడా లేకపోతే, ఈ వంటింట్లో తనూ ఒక గిన్నె. గోడకు తల ఆనించి అలాగే నిలబడిపోయింది.

చాలాసేపటికి మొహం కడుక్కుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. చెయ్యి తనంతట తానే మొదలుపెట్టింది. 'యజమాని మారినా ఈ పత్రిక మాట మారదు.' ఈ వాక్యం రెండుసార్లు రాసింది. మొదటిసారి నమ్మి రాసింది. రెండోసారి రాశాక నెల తిరక్కుండా బిల్డరు ప్రెస్సు కార్మికుల్లో సగంమందిని ఇంటికి పంపాడు. మూడోసారి తననే పంపించే మాట, తన చేత్తోనే, ఆయన పేరుతో. కలం మూసింది. బల్ల శుభ్రంగా తుడిచి, చెప్పులు వేసుకుని ఆఫీసుకు బయల్దేరింది.

సాయంత్రం పేజీలు కట్టే వేళకు మొదటి పేజీ చూసే కుర్రవాడు కంగారుగా ఉన్నాడు. "నేను చూస్తాను, లే నాయనా" అని కుర్చీలో కూర్చుంది. ఎన్నాళ్లయిందో ఆ కుర్చీలో కూర్చుని. తెర మీది పేజీలో పాఠకులకు చెప్పే మాటకు గడి గీసింది. ఫోను మోగింది.

"పంపవేం? పైన కంపెనీవాళ్లంతా కూర్చున్నారు, చదివి వినిపించాలి" అన్నాడు భర్త.

"రాజీనామా చేశానండీ."

"ఇప్పుడా? సరే, మంచిపని. ముందు ఆ మాట సంగతి చెప్పు."

"ఆఫీసు ఉద్యోగానికి కాదు. నన్ను ఇక్కడినుంచి తీసెయ్యాలనుకుంటే వాళ్లనే తియ్యమనండి. నేను మానేసింది వంటింటి బల్ల దగ్గరి ఉద్యోగం."

అటువైపు ఎవరో నవ్వుతున్నారు, కప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఆయన గొంతు తగ్గించాడు. "హాస్యాలకు ఇదా సమయం? పేజీ వెళ్లాలి. ఇంకా ఎంత మిగిలింది?"

ఆమె తెర మీద తెల్లగా ఉన్న గడి వంక చూసింది.

"ఎంతో లేదండీ. కింద మీ పేరు పెట్టేశాను. పైన మీరు రాయడమే తరువాయి."