పళ్ళ గదిలో తమలపాకులు

"సంచులు ఇక్కడ పెట్టా. చూసుకో."

ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మా ఆయన అనే మాట ఇది. ఇరవై రెండేళ్ళుగా అదే గుమ్మం, అదే గొంతు. కింద మా ఇనప సామాన్ల కొట్టు, పైన ఇల్లు. ఆయన మార్కెట్టుకి వెళ్ళి, చవగ్గా వచ్చాయని రెండు సంచుల నిండా కూరలూ పళ్ళూ తెచ్చి, మెట్లెక్కి వంటింటి గుమ్మంలో పడేసి, ఫ్యాను కింద కూర్చుని చెమట తుడుచుకుంటారు. యుద్ధం గెలిచి వచ్చినట్టు కాఫీ అడుగుతారు. ఆయన పని అక్కడికి అయిపోయింది. నా ఆదివారం అక్కడ మొదలవుతుంది.

చూసుకోవడమంటే ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. తిట్లు తిని నేర్చుకున్నాను. కాపరానికి వచ్చిన కొత్తలో తోటకూర శుభ్రంగా కడిగి బుట్టలో పెడితే మర్నాటికి కుళ్ళి జిగురు కారింది. "మీ అమ్మ ఏం నేర్పిందమ్మా నీకు?" అన్నారు అత్తయ్యగారు. మా అమ్మ ఏ పూట కూర ఆ పూట వీధిలో కొనుక్కునేది. రెండు సంచుల కూరల్ని వారం పాటు బతికించే అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. అలా ఒక్కో తిట్టుకి ఒక్కో సంగతి తెలిసింది. ఆకుకూర కడక్కూడదు, తడి ఆర్చి పాత చీర ముక్కలో చుట్టాలి. పచ్చిమిరపకాయలకి తొడిమలు తీసెయ్యాలి. అల్లం ఇసక కుండలో పాతాలి. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఒకే బుట్టలో ఉంటే రెండూ చెడతాయి. బూడిద గుమ్మడికాయ నేల మీద పెడితే అడుగు మెత్తబడుతుంది, కొబ్బరితాడు ఉట్టిలో వేలాడదీస్తే నెలల తరబడి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, పండే అరటిపళ్ళ పక్కన ఆకన్నది ఉండకూడదు. ఎందుకో తన డిగ్రీ పుస్తకంలో ఉందని మా అమ్మాయి పూజిత ఏదో గ్యాసు పేరు చెప్పింది. ఆ పేరు నాకు నోరు తిరగలేదు. దాని పని మాత్రం ఆ పిల్ల పుట్టక ముందు నుంచీ తెలుసు.

ఇంతా చేసి వాటిలో నేను తినేవి ఏవనుకున్నారు? ముందు పాడయ్యేవి తినెయ్యాలన్నది మా ఇంటి నియమం. ఆ తినెయ్యడం నా వంతు. మచ్చ పడ్డ జామకాయ, తోలు నల్లబడ్డ అరటిపండు, ఒక పక్క మెత్తబడ్డ మామిడిపండు. "ఇది నువ్వు తినెయ్యమ్మా, పాడైపోద్ది" అని అత్తయ్యగారు తెచ్చి చేతిలో పెడతారు. ప్రేమగానే పెడతారు, అదే వచ్చిన తంటా. కోపంగా పెడితే ఎదురు చెప్పేదాన్నేమో. మంచి పండు ఎల్లుండికని దాస్తాను, ఎల్లుండికి దానికీ మచ్చ వస్తుంది, అప్పుడది నాది. మచ్చలేని పండు వలిచి పిల్లకీ, ఆయనకీ పెట్టడం తెలుసు గానీ నా నోట్లో పెట్టుకుని ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. ఈ మాట ఎవరితోనైనా అంటే, తిండికి మొహం వాచిందా అంటారని అనలేదు.

వారం కిందట హెలెన్ గారు వచ్చారు. ద్రాక్షారామం రోడ్డులో ఆడపిల్లల హాస్టల్ నడుపుతారావిడ. కుళాయిలు కొనడానికి కొట్టుకి వచ్చి, ఎండకి గొంతెండిపోతే మంచినీళ్ళకని పైకి వచ్చారు. గ్లాసు పట్టుకుని వెనక వరండాలోకి వెళ్ళి చాలాసేపు నిలబడిపోయారు. ఉట్లు చూశారు, ఇసక కుండలు చూశారు, గుడ్డలో చుట్టిన గోంగూర కట్టని విప్పి వాసన చూశారు.

"ఇదంతా ఎవరు చేశారండీ?"

"నేనేనండి."

"మా హాస్టల్లో మూడు రోజులకోసారి బకెట్టుడు కూరలు పారబోస్తున్నామండీ. పిల్లలేమో వాడిపోయిన బీరకాయలు తింటున్నారు. మీరొచ్చి మా స్టోరు చూడకూడదూ? ఊరికే కాదండి, ఉద్యోగం. పొద్దున్న ఎనిమిది నుంచి రెండింటి దాకా. వచ్చే సోమవారం లోపు చెప్పండి, లేకపోతే వేరే మనిషిని చూసుకోవాలి."

ఎవరు చేశారు అని ఆ వరండాని చూసి అడిగిన మొదటి మనిషి ఆవిడ. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మిరపకాయల ఘాటండీ అన్నాను. అప్పటికి వంటింట్లో పొయ్యి కూడా వెలిగించలేదు.

భోజనాల దగ్గర ఈ మాట చెబితే మా ఆయన పొలమారేలా నవ్వారు. "కూరలు సర్దడానికి జీతమా? రేపు గాలి పీలుస్తున్నందుకు కూడా ఇస్తారేమో, అడుగు." అత్తయ్యగారు నవ్వలేదు. "కొట్టున్నవాళ్ళ కోడలు ఒకరి దగ్గర జీతానికెళ్ళడమేంటమ్మా? ఊళ్ళో ఏమనుకుంటారు? అయినా ఇంట్లో ఇవన్నీ ఎవరు చూస్తారు?" అన్నారు. చూశారా తమాషా! నేను చేస్తే అది పనే కాదు. నేను మానేస్తే మాత్రం ఇల్లు ఆగిపోతుంది. ఆ రెండు మాటలూ ఒకే కంచం ముందు, ఒకే పూట, తల్లీ కొడుకూ అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"అది విద్యేనండి. అందరికీ రాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయనకి రోషం వచ్చింది. శుక్రవారం మా మరిది ఉదయ్‌భాస్కర్ గృహప్రవేశం. కొత్తింట్లో ఇంకా అలమారలు కూడా పెట్టలేదని, సామానంతా మా ఇంట్లోనే దింపుతున్నారు. "సరే, ఈసారి కూరలూ పళ్ళూ నేనే చూసుకుంటా. నువ్వు ముట్టుకోకు. అన్నీ బావుంటే ఆ హాస్టల్ మాట మళ్ళీ ఎత్తకు."

"పాడైతే?"

"పాడైతే వెళ్ళు, ఎవరాపుతారు?" అని చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

మంగళవారం రావులపాలెం నుంచి ఆరు గెలలు దిగాయి, కర్పూర చక్కరకేళి, పచ్చి పచ్చివి. గృహప్రవేశానికి వచ్చిన ప్రతి ముత్తైదువకీ తాంబూలంలో పండు పెట్టాలి కదా, శుక్రవారానికి పండించాలి. మా వైపు ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, గెలలు గదిలో పెట్టి, కుండలో కొబ్బరిపీచు రాజేసి, తలుపు సందుల్లో గోనెలు కుక్కి, పొగకి మగ్గబెడతారు. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు. అయితే అన్నదమ్ములిద్దరూ అదే గదిలో తోటకూర, బీరకాయలు, కొత్తిమీర, కరివేపాకు కూడా సర్దేశారు. ఆ పైన తమలపాకుల కట్టలు. చల్లటి గది, తాళం ఉంది, పొగకి పురుగు రాదు, ఇంకేం కావాలి అని వాళ్ళ లెక్క. ఉట్టి కోసం మేకు కొట్టేవాడు కూడా ఎక్కడ కొట్టాలో ఒకసారి చూసి కొడతాడు. వీళ్ళకి ఆ చూపూ లేదు.

"ఏమండీ, పళ్ళతో పాటు ఆకులు పెట్టకండి. పండిపోతాయి" అన్నాను. ఒక్కసారే అన్నాను. పూజిత పక్కనే పూలు మాల కడుతోంది.

"అరటిపండుకీ తమలపాకుకీ పడదా ఏంటి వదినా? రోజూ తాంబూలంలో పక్కపక్కనేగా ఉంటాయి!" అన్నాడు ఉదయ్‌భాస్కర్. మా ఆయన పకపకా నవ్వి తలుపు వేసి గోనె కుక్కారు.

బుధవారం మధ్యాహ్నం అందరూ భోంచేసి పడుకున్నాక ఆ గది ముందు నిలబడ్డాను. తలుపు కింద నుంచి సన్నగా పొగ వస్తోంది. తాళంచెవి మేకుకే ఉంది. రెండు నిమిషాల పని. తమలపాకుల కట్టలు తీసి, తడి అరటిదొప్పలో చుట్టి, వరండాలో నీడన పెడితే చాలు. ఎవరికీ తెలియదు. శుక్రవారం ఆకులు పచ్చగా ఉంటాయి, ఆయన మీసం మెలేస్తారు, నేను వడ్డిస్తూ తిరుగుతాను. ఇన్నేళ్ళూ అదే చేశాను. ఆయన తెచ్చిన పుచ్చు వంకాయల్ని రాత్రికి పచ్చడి చేసి, ఆయన బేరం గొప్పదని నిలబెట్టాను. ఆయన ఎప్పుడూ దేన్నీ పాడుచేయనట్టే ఉండడం కూడా నేను చేసిన పనే. చెయ్యి తాళంచెవి దాకా వెళ్ళింది. లోపల ఆకులు పసుపెక్కిపోతుంటే నా వేళ్ళు ఊరుకోవే! ఏ పసిపిల్లో లోపల ఏడుస్తున్నట్టు గుండె పీకింది. కానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంకో సంగతి కూడా అక్కడే తేల్చుకున్నాను. ఆకులు పండినా, పండకపోయినా సోమవారం నేను వెళ్తున్నాను. ఆయన పందెం ఆయన దగ్గరే ఉండనీ. వెళ్ళి పడుకుంటే చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం నిద్ర పట్టింది.

గురువారం పొద్దున్న తలుపు తీశారు. గెలలు ఎంత బాగా పండాయో చెప్పలేను, గదంతా కమ్మటి వాసన. వాటితో పాటు అన్నీ పండాయి. తోటకూర పసుపు, కొత్తిమీర పసుపు. కరివేపాకు రెబ్బ ఎత్తితే పుల్ల చేతికొచ్చింది, ఆకులు నేల రాలాయి. తమలపాకుల కట్ట విప్పితే పసుపు మీద నల్లటి మచ్చలు. అలాంటి ఆకు ఏ ముత్తైదువ చేతిలోనూ పెట్టరు. ఉదయ్‌భాస్కర్ నెత్తిన చేతులు పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు.

అత్తయ్యగారు నా వైపు తిరిగారు. "ఇంట్లో ఉండి చూడొద్దా అమ్మా నువ్వు? చెప్పొద్దా?"

"చెప్పింది నానమ్మా" అంది పూజిత. "నాన్నకీ బాబాయికీ ఇద్దరికీ చెప్పింది. నేను విన్నాను. వాళ్ళు నవ్వారు."

ఆ మాటకి నాకు గెలిచానన్న సంతోషం రాలేదు. ఆ ఆకుల్ని చూస్తే ఏడుపొచ్చింది, నిజం. కానీ నా మాట విన్నవాళ్ళు ఒకరున్నారు ఈ ఇంట్లో. అదే నాకు పెద్ద బలమనిపించింది.

మా ఆయన చొక్కా వేసుకుని మళ్ళీ మార్కెట్టుకి వెళ్ళారు. పదకొండింటికి సంచులతో మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. సంచులు కింద పెట్టలేదు. బరువుకి వేళ్ళు ఎర్రగా కందిపోతున్నా పట్టుకునే నిలబడ్డారు.

"ఎక్కడ పెట్టమంటావు?"

ఇంత చిన్న ప్రశ్న అడగడానికి ఇరవై రెండేళ్ళా అని అరవాలనిపించింది. అరవలేదు. "ఆకులు వరండాలో. మీరూ కూర్చోండి, అరటిదొప్పలు తడిపిస్తాను, చుడుదురు గాని" అన్నాను. కూర్చున్నారు. మొదటి కట్ట మరీ బిగించి చుడితే విప్పించి మళ్ళీ చుట్టించాను. సాయంత్రం ఆయన అక్కడుండగానే హెలెన్ గారికి ఫోన్ చేశాను. వీలైతే వస్తానండి అనలేదు, ఇంట్లో అడిగి చెబుతానండి అనలేదు. సోమవారం ఎనిమిదింటికి వస్తున్నానండి అన్నాను. ఆయన కట్ట చుట్టుకుంటూ తల ఎత్తలేదు. "గొడుగు తీసుకెళ్ళు, రెండింటికి ఎండ చంపేస్తుంది" అన్నారు.

గృహప్రవేశం బాగా జరిగింది. ఆకులు పచ్చగా ఉన్నాయి. ఆదివారం సంచులు వచ్చాయి. ఆయన పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ తీస్తూ అదే చేత్తో కళ్ళు నలుపుకుని గంతులేశారు. పూజితా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయన కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

సోమవారం ఏడున్నరకి చీర కట్టుకుని, గొడుగు తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను. గృహప్రవేశంలో మిగిలిన అరటిపళ్ళు బల్ల మీద ఉన్నాయి, సగం మంచివి, సగం నల్లబడుతున్నవి. అత్తయ్యగారు ఎప్పటిలాగే నల్లటిది ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. మొహం ముడుచుకునే ఉన్నారు గానీ, ఖాళీ కడుపుతో పంపడం ఆవిడకి ఇష్టం లేదు.

"ఇది తిని వెళ్ళమ్మా, పాడైపోద్ది."

దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. పక్కనున్న వాటిలోంచి మచ్చలేని పండు ఒకటి తుంచి, వలిచి, అక్కడే నిలబడి ఒక ముక్క కొరికాను. అబ్బ, ఎంత తియ్యగా ఉంది!

"పాడైపోనివ్వండి, అత్తయ్యగారూ" అని మెట్లు దిగాను.