నోట్లో ముద్ద ఉండగా

"పళ్ళన్నీ ఊడిపోయిన మా అమ్మే నమిలి తింటోంది, నీకేం మాయరోగం?" అన్నాడు మొగుడు. కళ్ళజోళ్ళమ్మ మిక్సీ ఆపలేదు. పది నెలలుగా వింటున్న మాటే అది. అందరికీ వండి, డబ్బాలు సర్ది, చివర్లో తన వాటా అన్నంలో నీళ్ళు పోసి మెత్తగా తిప్పి, వడగట్టి, గ్లాసులో పోసుకుని గుక్కగుక్కకీ ఆగుతూ తాగడం ఆమె పొద్దుటి పని. పదకొండు కిలోలు తగ్గింది. జిమ్ముకి వెళ్ళకుండానే సన్నబడ్డావు, అదృష్టవంతురాలివి అని కూడా అన్నాడు ఆ మహానుభావుడు.

కళ్ళజోళ్ళమ్మ అని పేరు పెట్టింది కొట్టుకి వచ్చేవాళ్ళు. పద్నాలుగేళ్ళుగా కళ్ళజోళ్ళ షాపులో పని. ఏ ముక్కు మీద ఏ ఫ్రేము నిలుస్తుందో మనిషి గుమ్మంలో ఉండగానే చెప్పేస్తుంది. మధ్యాహ్నం తెర వెనక నిలబడి తినడం, తలుపు గంట మోగితే మూతి తుడుచుకుంటూ పరిగెత్తడం ఆ ఉద్యోగంలో భాగం. ఇంట్లోనూ అంతే. వంటింటి గట్టుకి ఆనుకుని, గిన్నెల అడుగున మిగిలింది తినేది. కుర్చీలో కూర్చుని తినకూడదని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అంతకన్నా గట్టి కాపలా ఒకటుంది, ఎవరో ఒకరి పిలుపు.

పది నెలల కిందట ఒక రోజు కూడా అలాగే పిలుపు వచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే ముందు గదిలోంచి మొగుడు ఉప్పు అన్నాడు. నోట్లో ముద్దతోనే తెస్తున్నా అనబోయింది. మాట బయటికి రాకముందే ముద్ద అడ్డదారి పట్టింది. ఊపిరి ఆడలేదు. సింకు అంచు పట్టుకుని, కళ్ళు చీకట్లు కమ్ముతుంటే, ఇక అయిపోయింది అనుకుంది. రేపు పిల్లకి జడ ఎవరు వేస్తారు అని కూడా అనుకుంది. చావబోతూ కూడా పని గుర్తొచ్చింది చూడండి. చివరికి దగ్గొచ్చి ముద్ద సింకులో పడింది. ఆమె ఉప్పు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. ఆ మొహం వంక ఎవరూ చూడలేదు. అత్తగారు మాత్రం దగ్గు విని, "పొలమారిందా, ఎవరో తలుచుకుంటున్నారు" అంది. తలుచుకోవడం దేనికి, కేకేసి మరీ పిలుస్తుంటే!

అప్పటినుంచి ముద్ద నాలిక వెనక్కి చేరగానే గొంతు తలుపులు మూసుకునేది. డాక్టరు గొట్టం వేసి చూసి అంతా బాగుందన్నాడు. "చూశావా, ఏమీ లేదట" అన్నాడు మొగుడు, దొంగని పట్టుకున్నంత సంబరంగా. ఏమీ లేకపోవడం కూడా ఆమె తప్పే అయింది.

షాపు పై అంతస్తులో హిప్నోథెరపీ చేసే ఒక పెద్దావిడ ఉంది. కొత్త కళ్ళజోడు కోసం దిగివచ్చి, తెర సందులోంచి అన్నాన్ని గ్లాసుతో తాగుతున్న మనిషిని చూసి, ఒకసారి పైకి రామ్మా అంది. కళ్ళజోళ్ళమ్మ ఇంట్లో చెప్పి, రెండు రోజుల తర్వాత వెళ్ళింది. మొదటి రోజే ఆవిడ దాచకుండా చెప్పింది.

"నిన్న మీ ఆయన ఫోన్ చేశాడు. నిద్రపుచ్చి మనసులో మాటలు పెడతారట కదా, పనిలో పనిగా కోపం తగ్గేటట్టు, పొద్దున్నే అయిదింటికి లేచేటట్టు కూడా పెట్టమన్నాడు."

కళ్ళజోళ్ళమ్మకి ముందు సిగ్గుతో తల వాలిపోయింది. తర్వాత ఒళ్ళు మండింది.

"ఇది నిద్ర కాదమ్మా. నా మాటలన్నీ నీకు తెలుస్తూనే ఉంటాయి. నువ్వు వద్దనుకున్నది ఒక్కటీ లోపలికి పోదు" అంది ఆవిడ.

కళ్ళు మూయించి, ఊపిరి లెక్కపెట్టించి, ఒళ్ళు తేలికపడ్డాక ఆవిడ అడిగింది చిన్న ప్రశ్న: ఎవరూ పిలవకుండా చివరిదాకా తిన్న భోజనం ఒకటి గుర్తు తెచ్చుకో. కళ్ళజోళ్ళమ్మ వెతికింది. పెళ్ళయ్యాక లేదు. పురుడు పోసుకున్నాకా లేదు. వెనక్కి వెనక్కి వెళితే పందొమ్మిదేళ్ళప్పుడు పరీక్ష రాసి వస్తూ బస్సు తప్పిపోయిన ఒక మధ్యాహ్నం దొరికింది. బస్టాండు బెంచీ మీద పొట్లం విప్పుకుని, కాళ్ళూపుకుంటూ తింది. ఆ గంటసేపు ఆమె ఎక్కడుందో లోకంలో ఎవరికీ తెలియదు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కి ఆ బెంచీ మీదే ఉండు, మింగడం గొంతుకి పుట్టుకతో వచ్చిన పని, దాని పని దాన్ని చేసుకోనీ అంది ఆవిడ. నెల తిరిగేసరికి ఆ గదిలో బిస్కెట్టు మింగింది, తర్వాత మెత్తటి అన్నం మింగింది. ఇంక ఇంట్లో తినడమే మిగిలింది. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. కూర్చుని తినాలి, నోట్లో ముద్ద ఉండగా లేవకూడదు, పలకకూడదు.

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి, ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోండి అని కళ్ళజోళ్ళమ్మ తన పళ్ళెంతో కుర్చీలో కూర్చుంది. అత్తగారు గరిటెని కొత్తగా చూసింది. మొదటి ముద్ద నోట్లో పడిందో లేదో, మొగుడు నీళ్ళు అన్నాడు. గొంతు బిగుసుకుంది. వేళ్ళు నొక్కింది, నమిలింది. "నిన్నే" అన్నాడు. ఇంకా నమిలింది. నిదానంగా మింగింది. ఇంట్లో, దాదాపు ఏడాది తర్వాత, ముద్ద దిగింది. ఆ సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక రెండో ముద్ద పెట్టుకుంది.

ఆయన మూడోసారి అరిచి, తల్లి వైపు తిరిగి, ఆ పై అంతస్తావిడ ఏదో చేసింది, తినేటప్పుడు దీనికి చెవులు పనిచేయకుండా చేసిపెట్టింది అన్నాడు. అత్తగారు నమ్మేసింది. "పాపం, దానికి వినపడటంలేదురా, వదిలెయ్" అంది.

ఎంత మంచి సాకు! పూటకో అరగంట చెవిటిదైపోతే బతుకంతా హాయిగా తినొచ్చు. తప్పంతా పై అంతస్తు మీదకి పోతుంది. కళ్ళజోళ్ళమ్మకి ఆశ పుట్టింది. అంతలో ఎదుటి కుర్చీలోంచి పదకొండేళ్ళ కూతురు లేచింది. దాని బుగ్గ ఉబ్బి ఉంది. నేను తెస్తా నాన్నా అనబోతోంది.

కళ్ళజోళ్ళమ్మ చెయ్యి చాపి కూతురి మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. నోట్లో ముద్ద మెత్తగా నమిలి, పూర్తిగా మింగింది.

"అన్నీ వినపడుతున్నాయి అత్తయ్యా," అంది. "తింటున్నాం."