అయిదు వేళ్ల చెత్తబుట్ట

“ఊఁ” అన్నాడు మొగుడు.

ఆ ఇంట్లో ఆ ఒక్క కూతకి అర్థం, చెయ్యి చాపమని. ఆమె చాపింది. నమిలి నమిలి బూడిదరంగుకి తిరిగిన చూయింగ్ గమ్ ఉమ్మితో సహా వెచ్చగా అరచేతిలో పడింది. ఆయన తల తిప్పి కూడా చూడలేదు. చెత్త వేసేవాడు బుట్ట మొహం చూస్తాడా ఎక్కడన్నా?

ఆదివారం సాయంత్రం. సముద్రం ఒడ్డున చెక్కలు పరిచిన పొడుగాటి నడకదారి. ఆ దారి సంగతి చెబితే కోతలంటారు గానీ, అక్కడ మామూలు మనిషి కనబడితే జనం ఆగి ఫొటో తీసుకుంటారు. నల్లకళ్లద్దాల కుక్క ఒకటి చక్రాల బల్లమీద దర్జాగా నిలబడి పోతుంటే, దాని యజమాని వెనకాల నాలుక బయటపెట్టి రొప్పుతూ పరిగెడతాడు. కొండచిలువని మెడకి చుట్టుకున్న పెద్దమనిషి, పాపం దానికి చలేస్తుందని స్వెట్టరు తొడిగాడు. ఎనభయ్యేళ్ల అవ్వ గులాబీరంగు గౌనుతో, కాళ్లకి చక్రాలు కట్టుకుని రివ్వున దూసుకుపోతే ఆ విసురుకి ముగ్గురి టోపీలు సముద్రంలో పడ్డాయి. నాలుగోది టోపీ కాదు, విగ్గు.

ఊరంతా నోరు తెరుచుకుని చూసే ఈ వింతలు ఆమె కంటికి ఆనలేదు. ఎడం భుజాన రెండు సంచులు. కుడిచేతిలో ఇంటిల్లిపాది ఎంగిలి. అడుగున అత్తగారు చప్పరించి ఇచ్చిన చేపముళ్లు, వాటిమీద కూతురు సగం చీకి ఇచ్చిన ఐస్‌క్రీము పుల్ల, ఆ పైన అత్తగారు ముక్కు తుడుచుకున్న కాగితం, అన్నిటికీ మీద కిరీటంలా ఈ గమ్. ఐస్‌క్రీము కరిగి ముంజేతి మీదుగా మోచేతి దాకా కారుతోంది. దానికో ఈగ తోడు. కాళ్లకింద చెక్కలు జిగటగా చెప్పుల్ని పట్టుకుంటున్నాయి. మాడిన నూనె వాసన, కుళ్లిన నాచు వాసన, చేతిలోంచి నీచువాసన. పది అడుగులకో పచ్చరంగు చెత్తడబ్బా మూత తెరుచుకుని నిలబడే ఉంది. పక్కనే చెయ్యి ఉండగా పది అడుగులు ఎవరు నడుస్తారు?

ఆమె పనిచేసేది రక్తపరీక్షల లాబ్‌లో. పొద్దుట్నుంచీ ఊళ్లోవాళ్ల రక్తం, మూత్రం, కఫం సీసాలతోనే సహవాసం. కానీ అక్కడ చేతికి గ్లౌజులిస్తారు. పని కాగానే అవి విప్పి పారేసి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కోవాలని గోడమీద రాసి ఉంటుంది. ఇంట్లో ఏ గోడమీదా ఏమీ రాసిలేదు. ఓసారి చెయ్యి వెనక్కి తీసుకోబోతే అత్తగారు, “నీకేంటమ్మా కొత్త? రోజూ ఉచ్చసీసాలు పట్టే చేతులేగా!” అని కిసుక్కున నవ్వింది. మొగుడూ నవ్వాడు. ఏం చెయ్యాలో తెలీక ఆమె కూడా నవ్వింది.

అసలు ఆమెని ముల్లులా గుచ్చేది ఇంకోటుంది. మొదట చెయ్యి చాపమని ఎవరూ అడగలేదు. పెళ్లైన కొత్తలో రైల్లో పక్కపక్కన కూర్చుని రేగుపళ్లు తింటూ గింజ ఎక్కడ వెయ్యాలా అని ఆయన అటూఇటూ చూస్తుంటే, తనే ముద్దుగా అరచెయ్యి పట్టింది. ఆయన కళ్లల్లోకి చూసి నవ్వి, చిన్నగా “థాంక్స్” కూడా అన్నాడు. ఆ థాంక్స్ ఏ స్టేషన్లో దిగిపోయిందో గానీ, చెయ్యి మాత్రం పదకొండేళ్లుగా చాపినది చాపినట్టే ఉంది.

ముందు జనం గుంపుగా మూగారు. మధ్యలో పెట్టె మీద ఓ వెండిబొమ్మ. బొమ్మ కాదు, జుట్టు నుంచి కాలిగోళ్ల దాకా వెండిరంగు పూసుకున్న ఆడమనిషి. కుడిచెయ్యి ముందుకి చాపి, రెప్ప వెయ్యకుండా నిలబడింది. చెయ్యి కలిపితే కన్నుకొడుతుంది. అంతే ఆట.

అప్పటికే రెండో గమ్ నములుతున్న మొగుడికి హుషారొచ్చింది. “అచ్చం మా ఆవిడ చెల్లెలే!” అంటూ ఆ వెండి అరచేతిలో ఉమ్మేశాడు.

బొమ్మ కదిలింది. కీ ఇచ్చినట్టు టక్కు టక్కుమంటూ పెట్టె దిగి, ఆయన దగ్గరకొచ్చి, చొక్కా జేబు రెండువేళ్లతో తెరిచి, గమ్ అందులో వేసి, పైనుంచి గట్టిగా నొక్కి, టక్కు టక్కుమంటూ వెళ్లి మళ్లీ పెట్టెక్కింది. ఈలలు! కొండచిలువ కూడా తలెత్తి చూసింది.

“దీనికేం పోయేకాలం! మగాడి జేబులో ఎంగిలి వేస్తుందా?” అంది అత్తగారు.

మొగుడు జేబులో వేళ్లుపెట్టి, పేడ తొక్కినవాడిలా మొహం ముడుచుకున్నాడు. “ఛీ! అసహ్యం! వాక్!”

ఆమె ఆగిపోయింది. ఛీ అంటున్నాడు. తన నోట్లోంచి వచ్చిందాన్ని తనే ఛీ అంటున్నాడు. ఇన్నాళ్లూ పాపం ఈయనకి తెలీదులే, మగాళ్లకి ఇలాంటివి తోచవులే అని సర్దుకుంది. తెలుసన్నమాట. అసహ్యమని శుభ్రంగా తెలిసే, పదకొండేళ్లుగా పెళ్లాం చేతిలో పెడుతున్నాడన్నమాట.

సాగుతున్న గమ్‌ని రెండువేళ్లతో ఎత్తి పట్టుకుని ఆయన “ఊఁ” అన్నాడు.

ఆమె చెయ్యి అలవాటుగా లేవబోయింది. పిడికిలి బిగించింది. చేపముళ్లు చురుక్కున గుచ్చుకున్నాయి.

“ఊఁ!” ఈసారి గట్టిగా.

అప్పుడు కిందనుంచి ఇంకో చెయ్యి లేచింది. చిన్నది. గోళ్లకి ఎర్రరంగు వేసుకున్నది. “ఇటివ్వు నాన్నా, నేను పట్టుకుంటాలే” అంది ఎనిమిదేళ్ల కూతురు.

“నా బంగారుతల్లే! ఎంత బుద్ధిమంతురాలో చూడు!” అని మురిసిపోయింది నానమ్మ.

ఆమె సంచులు రెండూ చెక్కలమీద దించింది. కూతురి చేతివేళ్లు అయిదూ ఒక్కొక్కటే ముడిచి, ఆ పిడికిలిని తన ఎడంచేత్తో పట్టుకుంది. “పద” అంది. తల్లీకూతుళ్లు పది అడుగులు నడిచి పచ్చడబ్బా దగ్గరకెళ్లారు. చేతిలోదంతా విదిలించింది. అక్కణ్ణుంచి మెట్లు దిగి నీళ్లలోకి. నీచు పోయింది గానీ గమ్ ఓ పట్టాన వదల్లేదు. ఇసకపెట్టి తోమింది, ఎర్రబడేదాకా తోమింది. కూతురు కూడా తన శుభ్రమైన చెయ్యి పక్కనే పెట్టి తోమించుకుంది.

పైన మొగుడు గమ్ పట్టుకున్న వేళ్లతో అటూఇటూ చూసి, మూడో “ఊఁ” కన్నతల్లి వైపు తిరిగి అన్నాడు.

ఆవిడ రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. “ఛీ, అవతల పారెయ్యరా! నా చేతిలో పెడతావేంటి, ఎంగిలి!”