దూడది కాదు

చౌల్దారీ ఊళ్ళో అందరూ నేరం దూడ మీదే వేశారు. తాతబ్బాయికి కిడ్నీ మార్చి ఏడాదైనా కాలేదు. నెల రోజులుగా విరేచనాలు, మనిషి సగమైపోయాడు. ఇలాగే ఒంట్లో నీళ్ళు పోతుంటే కొత్త కిడ్నీ దక్కదని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. ఇంట్లో దూడ కూడా పారుకుంటోంది మరి! ఇంకేం, భార్య సుందరి దాన్ని తల్లితో సహా తుష్నాబాద్‌లో ఎవరికో అమ్మేసింది. అయినా విరేచనాలు ఆగలేదు.

ఆయన కడుపులో కంటికి కనబడని పరాన్నజీవి ఉందన్నారు. దాని మీద పరిశోధన చేస్తున్న హేమమాలిని, అమ్మకానికి ముందే దూడ పేడ, సుందరి మలం, సుందరి ఆయాగా పనిచేసే అంగన్‌వాడీ పిల్లల మలం కూడా డబ్బాల్లో పట్టుకెళ్ళింది. ఇవాళ ఫలితం చెప్పడానికి సుందరిని పోర్ట్ బ్లెయిర్ రమ్మంది.

"చూడ్డానికి ఈ జీవులన్నీ ఒక్కలాగే ఉంటాయి దీదీ," అంది హేమమాలిని. "జన్యువులు చూస్తేనే రకాలు తెలుస్తాయి. దూడది అలగ్, వేరే రకం. భయ్యాలో ఉన్నది మనుషుల్లో తిరిగేది. ఇద్దరు అంగన్‌వాడీ పిల్లల్లో అదే ఉంది. మీలో కూడా."

"నాకేటీ నేదు కదమ్మా! కడుపునొప్పైనా రానేదు."

"మీ ఒంట్లో తాకత్ ఉంది, తట్టుకుంటారు. కిడ్నీ నిలవడానికి వేసే మందులు భయ్యాకి ఆ తాకతే తగ్గించేస్తాయి. ఎవర్నుంచి ఎవరికొచ్చిందో పక్కాగా చెప్పలేం..."

మిగతా మాటలు సుందరి చెవికెక్కలేదు. పిల్లల్ని కడిగిన చేతుల మీద గబగబా చెంబెడు నీళ్ళు పోసుకుని, మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తి, ఆ చేతులతోనే ఆయన నోట్లో మాత్రలు వేసేది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి గడప బయటే నిలబడిపోయింది.

"ఏటన్నారే? దూడదేనా?" మంచం మీంచి అడిగాడు తాతబ్బాయి.

అవునంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"దూడది కాదు మావా. నా సేతుల్నుంచే వచ్చుంటాది," అని చెప్పేసి భోరుమంది. "రంగత్ నుంచి నీ సెల్లి కళని పిలుస్తాను. నేనింక నిన్ను ముట్టుకోను."

తాతబ్బాయికి కోపం వచ్చింది, రాదా మరి? మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు. కాళ్ళు నిలవక కూలబడ్డాడు. సుందరి చేతులు చాచబోయి, మళ్ళీ వెనక్కి లాక్కుంది.

"సెల్లొచ్చేదాకా ఇలాగే పడుండనా?" అన్నాడు రొప్పుతూ. "సబ్బెట్టి కడుక్కొనొచ్చి నన్ను లేపవే."

సుందరి పెరట్లోకెళ్ళి మోచేతుల దాకా సబ్బు రాసుకుంది. అతను రెండోసారి పిలిచేదాకా కడుగుతూనే ఉంది.