మొదటిది మన ఇంటికే

మీ ఇంట్లో కుళాయి కట్టేశాక చుక్క కూడా కారడం లేదంటే, దాని వెనక ఎవరో ఒక ఇల్లాలి సణుగుడు ఉండే ఉంటుంది. నేను చెప్పబోయే కార్ఖానాలో మాత్రం కచ్చితంగా ఉంది. కుళాయిలు, తలుపు బందులు, నీళ్ల పంపుల భాగాలు చేసే ఆ కార్ఖానాకు, దాన్ని స్థాపించిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టి పోయాడు. ఏ కొత్త సరుకైనా, మొదటిది చేసిన పనివాడే దాన్ని ఇంటికి పట్టుకెళ్లాలి. ఆ ఇంటి ఆడమనిషి కొన్నాళ్లు వాడి చూసి, మంచిచెడ్డలు వచ్చి చెప్పాలి. ఆమె సరేననేదాకా రెండోది చేయకూడదు.

ఈ పరీక్షలో అందరికంటే గట్టిది లేత్ మిషన్ మీద పనిచేసే టర్నర్ భార్య. అందరూ ఆమెను ఇనస్పెక్టరమ్మ అనేవారు. పిడి తడిచేతికి జారుతోందని ఒకసారి, అంచు గీసుకుంటోందని ఒకసారి, ఎన్ని కుళాయిలు వెనక్కి పంపిందో ఆమెకే తెలియదు. మొగుడు చేసిందని మొహమాటపడేది కాదు. ఆమె చేతిని దాటి వచ్చిన కుళాయికి ఇక చావు లేదని పెద్దాయన నవ్వేవాడు.

పెద్దాయన పోయాక కార్ఖానా కొడుకు చేతికొచ్చింది. అతను చెడ్డవాడు కాదు, కాలమే కలిసిరాలేదు. యుద్ధం మొదలై ఇళ్లు కట్టేవాళ్లు తగ్గిపోయారు. కుళాయి కొనే నాథుడు లేక కార్ఖానా ఈగలు తోలుకుంటోంది. టర్నర్ ఉద్యోగం కూడా ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ సమయంలో యజమాని ఒక పెద్ద ఆర్డరు తెచ్చి, ఇది నిలబడితే నువ్వే మేస్త్రీవని టర్నర్ భుజం తట్టాడు.

నమూనా చూడగానే అదేమిటో టర్నర్‌కు అర్థమైంది. అర్థం కానట్టుండటమే మేలనుకుని పనిలో దిగాడు. సాయంత్రానికి మొదటిది తయారైంది. చేతికి పడిపోయిన అలవాటు ఊరుకోదు కదా, పొద్దుపోయాక అన్నం డబ్బాతోపాటు దాన్నీ సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేశాడు. భార్య సంచి విప్పి ఏమిటిదని అడిగితే, కొత్త సరుకంటూ నీళ్లు నమిలాడు.

ఆమె తన పని తాను చేసింది. తోమింది, నీళ్లు పోసి చూసింది, పంచదార పోసి చూసింది. నాలుగు రోజులయ్యాక, మిగతావాటికి ఇనుము దిగిన రోజునే, చంకలో పెట్టుకుని కార్ఖానాకు వచ్చి యజమాని ముందు బల్ల మీద ఠంగున పెట్టింది.

"ఏం సరుకు బాబూ ఇది? మూతి సన్నం, చెయ్యి దూరదు, కడగటం ఎలా? మూత లేదు. కాలి మీద పడితే వేళ్లుండవు. ఏ ఇంట్లో వాడతారు దీన్ని?"

యజమానికి నవ్వొచ్చింది. నవ్వుతూనే చెప్పాడు. "ఇంట్లోకి కాదు పిన్నీ. అది ఫిరంగి గుండు తొడుగు. లోపల మందు కూరి పేలుస్తారు. దీనికి నీ పరీక్ష అక్కర్లేదు."

ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. తన వెనకే వచ్చి నిలబడ్డ మొగుడి వైపు చూస్తే అతను నేల చూస్తున్నాడు. అందులో పంచదార పోసి చూసిన చేతుల్ని ఆమె చీర చెంగుకు తుడుచుకుంది.

"ఇంట్లోకి కాదంటావేం? ఎక్కడో ఒక ఇంటి మీదే కదా పడేది. కుళాయి నచ్చకపోతే నేను నీ దగ్గరికొచ్చి దెబ్బలాడుతున్నాను. ఆ ఇంటావిడ ఎవరితో చెప్పుకోవాలి?"

యుద్ధం తాను మొదలుపెట్టలేదన్నాడు యజమాని. తాను చేయకపోతే పక్కవీధి కార్ఖానావాడు చేస్తాడన్నాడు. ఇంతమంది పొయ్యిలు వెలగాలి కదా అన్నాడు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఆమె కూడా కాదనలేదు.

"నేనే మొదలుపెట్టానని ఎవరూ అనరు బాబూ. ఇనుము అమ్మినవాడూ అనడు, మందు అమ్మినవాడూ అనడు. అందరిదీ పొట్టకూటి పనే. లాభం మన గుమ్మంలోకి వస్తుంది, సరుకు మన కంటికి కనబడని గుమ్మంలో పడుతుంది. అందుకే ఇలాంటివి చేయడానికి మనకు చేతులాడుతున్నాయి. ఆ గుమ్మం మనకు కనబడాలనే మీ నాన్న మొదటిది మా ఇంటికి పంపేవాడు." లేచి నిలబడి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "ఇది నాకు నచ్చలేదు. రెండోది చేయకండి."

టర్నర్ వెళ్లి మిషన్ ఆపేశాడు. మేస్త్రీ పదవితోపాటు ఉన్న ఉద్యోగమూ పోతుందని అతనికి తెలుసు. కార్ఖానాలో వేరే పని లేక పోయింది కూడా. ఇంటి అరుగు మీద పాత కుళాయిలు బాగుచేస్తూ ఆ ఏడాది ఎలాగో నెట్టుకొచ్చారు. వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

యజమాని ఇంకో టర్నర్‌ను వెతకలేదు. తండ్రి పెట్టిన పద్ధతిని కాదనలేక ఆర్డరు వదులుకున్నాడు. అనుకున్నట్టే అది పక్కవీధికి పోయింది. గుండ్లు ఒక్కటీ తగ్గలేదు, దాచటమెందుకు? పక్కవీధిలో ఇలా అడిగే ఇల్లాలు లేదు, అంతే తేడా.

యుద్ధం సద్దుమణిగాక ఒక ఉదయం యజమాని స్వయంగా టర్నర్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కొత్త కుళాయి ఉంది. వాడి చూసి చెప్పమని ఆమె చేతికిచ్చి, టర్నర్‌ను పనిలోకి రమ్మన్నాడు. ఆమె రెండుసార్లు తిప్పి, పిడి కాస్త బిగువుగా ఉందంది.

మనం చేసే ప్రతి వస్తువునూ, సంపాదించే ప్రతి లాభాన్నీ ముందు మన ఇంట్లో పెట్టి చూసుకోవాలి. మన ఇంట్లో పెట్టుకోలేనిదాన్ని మరొకరి ఇంటికి పంపే హక్కు మనకు లేదు.