గోడ నిండా అద్దం

జడ్జిగారు వీడియోలో కనిపించడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. అద్దాల మేస్త్రి మూడో చొక్కా మార్చాడు.

"పెళ్లినాడు కూడా ఇంత ముస్తాబవలేదు కదరా," అంది అక్క.

"పెళ్లి ఎలాగూ నిలబెట్టుకోలేకపోయాను. పిల్లనైనా దక్కించుకోనీ."

ఏడేళ్ల కూతురు తన దగ్గరికి వస్తుందా, తల్లి దగ్గరే ఉండిపోతుందా అన్నది ఈ పూట తేలిపోతుంది. భార్య తరఫు లాయరమ్మ వాదన ఒకటే: ఇతనికి ముక్కుమీద కోపం, చేతికి దొరికింది విసిరేస్తాడు. ఒక్కసారి గ్లాసు విసిరిన మాట నిజమే. "మాటలతో మీరు నెగ్గలేరు. పిల్ల కోసం సిద్ధం చేసిన గది చూపించండి," అన్నాడు అతని లాయరు.

ఆ ఇరుకు సందులో ఫోన్‌కి సిగ్నల్ అందదు. అందుకే మొన్న ఇంటికి నెట్ పెట్టించాడు. మెకానిక్ రౌటర్‌ని హాల్లో, పిల్ల గదికీ హాలుకీ మధ్యనున్న చెక్క గోడకి బిగించి, "అడ్డంగా ఇనప బీరువాలు, పెద్ద అద్దాలు లేకుండా చూసుకోండి సార్," అన్నాడు.

మేస్త్రి పకపకా నవ్వాడు. "నేను ఊరందరికీ బిగించేవాణ్ణి గానీ, నా ఇంట్లో గడ్డం గీసుకోవడానికి కూడా సరైన అద్దం లేదయ్యా!"

అప్పుడే ఫోన్ పట్టుకుని పిల్ల గదిలో తిరిగి చూశాడు. నెట్ బ్రహ్మాండంగా పనిచేసింది.

పదకొండు కొట్టగానే జడ్జిగారు ఫోన్ తెర మీదికి వచ్చారు. రెండు ప్రశ్నలడిగి, "గది చూపించండి," అన్నారు.

మేస్త్రి హాల్లోంచి వంటింటి మీదుగా పిల్ల గదిలోకి నడిచాడు. జడ్జిగారి మొహం బిగుసుకుపోయింది. తెర మీద గుండ్రంగా ఏదో తిరగడం మొదలుపెట్టింది. వెంటనే హాల్లోకి పరుగెత్తాడు.

"...దాచాల్సినదేదో ఉన్నట్టుంది సార్," అంటోంది లాయరమ్మ.

"రెండు నిమిషాలిస్తాను. ఆ తర్వాత నా ముందున్నదాన్ని బట్టే నిర్ణయం," అన్నారు జడ్జిగారు.

అక్క రౌటర్‌ని గోడ నుంచి పీకి, తీగ అందినంత మేర లాగి, స్టూలెక్కింది. మేస్త్రి మళ్లీ గదిలోకి పరుగెత్తాడు.

"ఇంకా పైకెత్తక్కా!"

"ఇంతకంటే ఎత్తాలంటే నేను మళ్లీ పుట్టాలిరా!"

తెర మీద ఆ తిరుగుడు ఆగలేదు. తలెత్తితే ఎదురుగా తనే కనిపించాడు, పాలిపోయిన మొహంతో.

అద్దం. నేల నుంచి కప్పు దాకా, సరిగ్గా హాలు వైపు గోడ నిండా. "డాన్స్ చేస్తుంటే నేను మొత్తం కనపడాలి నాన్నా," అని పిల్ల ఎప్పుడో అడిగితే, నిన్న సాయంత్రమే బిగించాడు. మెకానిక్ మాట అప్పుడు గుర్తే రాలేదు. తన చేతి పనిని అతను అడ్డు అనుకోలేదు మరి.

విప్పడానికి మరలు లేవు. పిల్ల మీద పడుతుందేమోనని వెనకంతా జిగురు పట్టించి అతికించాడు.

ఇంకొక్క నిమిషం ఉంది.

ఫోన్‌ని మంచం పక్క బల్ల మీద నిలబెట్టి, మూలనున్న పనిసంచిలోంచి సుత్తి తీశాడు. కోపం రాలేదు. తన జీవితంలో ఏ పనీ అంత నిదానంగా చేయలేదు. మొదటి దెబ్బకి అద్దం నెర్రెలిచ్చింది. రెండో దెబ్బకి పెద్ద పలక ఒకటి జారి గులాబీ రంగు దుప్పటి మీద భళ్లున పగిలింది. మూడోది, నాలుగోది. పెంకులు ఎగిరి అతని చెయ్యి తెగింది. అయినా ఆగలేదు.

బల్ల మీద తెర వెలిగింది. తిరగడం ఆగిపోయింది. జడ్జిగారు స్పష్టంగా, గాజుపెంకంత స్పష్టంగా కనిపించారు.

అటువైపు వాళ్లకీ అంతే స్పష్టంగా కనిపించింది: పిల్ల మంచం నిండా గాజు, నెత్తురోడే చెయ్యి, పైకెత్తిన సుత్తి.

"సార్, అది కాదు... సిగ్నల్ కోసం..."

లాయరమ్మ తన ఫైలు మూసేసింది. ఇక వాదించాల్సిన అవసరం లేకపోయింది. జడ్జిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చాలు. గది చూశాం," అన్నారు.

తెర నల్లబడింది. హాల్లో అక్క ఇంకా స్టూలు మీదే, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది.

"తమ్ముడూ, దీపాలన్నీ పచ్చగా ఉన్నాయిరా! వచ్చిందా? చేతులు దించెయ్యనా?"